బండి షెడ్డు: పాత కారులో ఏం పోయాలి, ఎప్పుడు మార్చాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కనబడింది. అడిగినవాళ్లలో చాలామంది బండి నంబరు ఏపీ 9తోనో ఏపీ 10తోనో ఏపీ 28తోనో మొదలవుతోంది. అంటే టీజీ సంగతి అటుంచండి, టీఎస్ కూడా రాకముందు రోడ్డెక్కిన బళ్లన్నమాట. ప్రశ్నలు వేరువేరుగా ఉన్నా చివరికి అన్నీ ఒకచోటికే వస్తున్నాయి: దీంట్లో ఏం పోయాలి, ఎన్నాళ్లకి మార్చాలి? పైగా ఎండలు మండిపోతున్నాయి, ఇంకో నెలలో వానలు. అందుకని ఈసారి కొత్త కార్ల ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను, వాళ్లు ఏమీ అనుకోవద్దు, వాళ్లకి వారంటీ ఉంది.

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారి మారుతి 800, 2007 మోడల్. మొత్తం తిరిగింది 41 వేల కిలోమీటర్లు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ఆదివారం గుడికి, అప్పుడప్పుడు రైతుబజారుకి, అంతే. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, కానీ అప్పటినుంచి తిరిగింది పదిహేను వందల కిలోమీటర్లే కాబట్టి ఇప్పుడే అక్కర్లేదని మెకానిక్ అంటాడు. రాణీగంజ్‌లో షాపాయన పాత ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 తప్ప ఇంకేదీ పోయొద్దన్నాడు. మా అల్లుడేమో 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ పోయించండి అత్తయ్యా అంటాడు. ఎవరి మాట వినాలి?
మల్కాజిగిరి పాఠకురాలు

జవాబు: ముందు మెకానిక్ మాట సంగతి చూద్దామమ్మా, ముగ్గురిలో ఎక్కువ నష్టం చేసేది అదే. ఆయిల్‌కి వయసు మీటరు మీదే కాదు, క్యాలెండరు మీద కూడా పెరుగుతుంది. మీ బండి ఇంటి నుంచి గుడికి రెండు కిలోమీటర్లు పోతుంది, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు, మళ్లీ వారం తర్వాత తాళం తిప్పుతారు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, మండకుండా మిగిలిన కాస్త పెట్రోలు మెల్లగా కింద ఆయిల్‌లోకి దిగుతాయి. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి పోయొచ్చే బండిలో ఇంజన్ గంటసేపు కాలి ఆ తేమంతా ఆవిరైపోతుంది. మీ బండిలో ఎక్కడికీ పోదు, అక్కడే ఉండి ఆమ్లంగా మారి బేరింగులని తింటుంది. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి, మజ్జిగ మీద వెన్నలా తెల్లగా ఏమైనా పట్టి ఉంటే అది ఈ తేమే. కాబట్టి తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టరు కలిపి మార్చేయండి. ఫిల్టరు ఉంచేసి ఆయిల్ ఒక్కటే మార్చడమంటే స్నానం చేసి విడిచిన చొక్కానే మళ్లీ తొడుక్కోవడం.

ఇక గ్రేడు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, వెనకున్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ముందు అంకె ఎంత చిన్నదైతే పొద్దున తాళం తిప్పగానే ఆయిల్ అంత త్వరగా పైకి చేరుతుంది. మన హైదరాబాద్‌లో మంచు కురవదు కాబట్టి 20డబ్ల్యూ పోసినంత మాత్రాన బండి స్టార్టవకుండా మొరాయించదు. కానీ ఇంజన్ అరుగుదలలో పెద్ద వాటా ఆ మొదటి క్షణాలదే, మీ బండి వారం రోజులు నిలబడి లేచే బండి. అందుకని మీకు నేనైతే 10డబ్ల్యూ-40 లాంటి మధ్యరకం తీసుకోమంటాను, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే. గ్లవ్ బాక్సులో నాన్నగారు మాన్యువల్ దాచే ఉంటారు, ఆ తరం వాళ్లు ఏదీ పారేయరు. దాంట్లో బయటి ఎండని బట్టి ఏ గ్రేడు పోయొచ్చో గీతలు గీసి ఉంటుంది. ఆ గీతల్లో మన 40 డిగ్రీల ఎండకి సరిపోయేది ఏదైనా సరే, షాపాయన మాట కన్నా, అల్లుడి మాట కన్నా, నా మాట కన్నా అదే ఎక్కువ.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందని ఒక భయం ఉంది. సింథటిక్ కొత్తగా చిల్లు పెట్టదు. పాత సీలు చుట్టూ గట్టిపడిన మడ్డి ఇన్నాళ్లూ ఆ చిల్లుని కప్పి ఉంచుతుంది, కొత్త ఆయిల్‌లోని డిటర్జెంటు దాన్ని కడిగేస్తే అప్పుడు బయటపడుతుంది. అయినా ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండికి అంత ఖరీదైన ఆయిల్ అవసరమా అంటే లేదు. ఎటూ ఏడాదికి పారబోసేదే. మామూలు ఆయిల్ పోసి టైముకి మార్చండి, అల్లుడిగారికి నా మాటగా చెప్పండి, నొచ్చుకోరు.

డబ్బా మీద ఏపీఐ అని ఉండి పక్కన ఎస్ఎన్, ఎస్‌పీ లాంటి అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే పెట్రోలు బండి. రెండో అక్షరం ఎంత ముందుకు పోతే అంత కొత్త ప్రమాణం. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. కొత్తది పాతదాని పని కూడా చేస్తుంది, మీ బండికి ఈ రెండింటిలో ఏదైనా నిశ్చింత. అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు మాత్రం ఒక్కమాట వినండి. వాటిలో వాల్వులని తెరిచే క్యామ్‌కి, ట్యాపెట్లకి మధ్య రాపిడి ఎక్కువ, జింకు ఫాస్ఫరస్ కలిసిన మందు ఆయిల్‌లో సరిపడా ఉండాలి. కొత్త ప్రమాణాల్లో ఆ ఫాస్ఫరస్‌ని తగ్గించింది 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకి, 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి లేదు. అందుకే ఆ బళ్లకి రాణీగంజ్ షాపాయన చెప్పిందే రైటు.

ఇంకొకటి, మార్చేటప్పుడు దగ్గరుండండి. డబ్బా సీలు మీ కళ్ల ముందు తీయాలి. కింద డ్రెయిన్ బోల్టుకి ఉండే చిన్న వాషరు కొత్తది వేయమనండి, పది ఇరవై రూపాయల వస్తువు, అది నలిగి సీలవుతుంది కాబట్టి రెండోసారి సరిగ్గా పట్టదు. ఆయిల్ పోశాక ఒక నిమిషం ఇంజన్ తిప్పి, ఆపి, పది నిమిషాలు ఆగి, సమంగా ఉన్నచోట ఆయిల్ కొలిచే గేజి పుల్ల తీసి చూడండి. పైగీత దాటి ఉంటే తీయించండి. "కొంచెం ఎక్కువుంటే మంచిదేలే మేడమ్" అంటారు, మంచిది కాదు, కింద తిరిగే క్రాంకు షాఫ్టు అందులో పడి చిలికితే నురగ లేస్తుంది, నురగ బేరింగుని కాపాడలేదు. ఖాళీ డబ్బా వదిలేయకుండా మేకుతో పొడిచి పారేయండి, అందులో నకిలీ నింపి మళ్లీ అమ్మేవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: అన్నా, నాది 2004 సాంత్రో, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. పొద్దున స్టార్ట్ చేస్తే వెనక నుంచి నీలం పొగ భక్కున వచ్చి ఆగిపోతుంది. నెలకి అర లీటరు ఆయిల్ తగ్గుతోంది. ఒకాయన ఇంజన్ బోర్‌కి వచ్చింది, నలభై వేలు రెడీ చేస్కో అన్నాడు. ఇంకొకాయన చిక్కటి ఆయిల్ పోసి, ఒక డబ్బా మందు కలిపితే సెట్ అయిపోతది అన్నాడు. పరేషాన్‌లో ఉన్నా.
దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకు తమ్ముడూ, ముందు నువ్వే చెప్పిన లక్షణం చూడు. పొద్దున ఒక్కసారి భక్కుమని వచ్చి ఆగిపోతోంది. పిస్టన్ రింగులు అరిగితే పొగ ఒక్కసారి వచ్చి ఆగదు, ఎక్కడైనా ఎక్కేటప్పుడు, ఎక్సలరేటరు గట్టిగా నొక్కినప్పుడు వెనకబండివాడు హారన్ కొట్టేలా వస్తూనే ఉంటుంది. రాత్రంతా నిలబెట్టాక ఒక్కసారి వచ్చే పొగ చాలావరకు వాల్వ్ సీల్సుది. ఆ చిన్న రబ్బరు టోపీలు ఎండిపోతే రాత్రి పూట పైనుంచి ఆయిల్ చుక్కచుక్కగా వాల్వు వెంట దిగి, పొద్దున కాలిపోతుంది. దాని ఖర్చు బోరు, అంటే సిలిండర్లు చెక్కించే పని ఖర్చుకి దగ్గరదగ్గరగా కూడా ఉండదు.

ఊహల మీద నలభై వేలు పెట్టకు, కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలిచే టెస్టు చేయించు. నాలుగు సిలిండర్ల లెక్క కాగితం మీద రాయించుకో. ఏదైనా సిలిండర్లో తక్కువొస్తే ప్లగ్గు రంధ్రంలోంచి రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ కొలవమను. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులో గ్యాస్కెట్టో. ఈ టెస్టు చేయను, చూసి చెప్పేస్తాను అనే షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చెయ్.

నెలకి అర లీటరు అన్నావు, ఎన్ని కిలోమీటర్లకో చెప్పలేదు. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు లోపు తాగుతుంటే నేనైతే ఇంజన్ విప్పను, డిక్కీలో ఒక లీటరు డబ్బా పెట్టుకుని ఆదివారం ఆదివారం గేజి చూసుకుంటాను. 20 ఏళ్ల బండి కొంచెం తాగుతుంది. మాన్యువల్ ఒప్పుకునే గ్రేడ్లలో చిక్కటిది పోస్తే తాగడం తగ్గొచ్చు, అందులో తప్పులేదు. ఆ మందు డబ్బా మాత్రం వద్దు. అరిగిన ఇనుము మందుతో పెరగదు.

ప్రశ్న: ఎండాకాలం వచ్చిందంటే మా బండి టెంపరేచర్ ముల్లు అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పైకి లేస్తుంది, కూకట్‌పల్లి వైపు కదిలితే దిగుతుంది. కూలెంట్ తగ్గితే ఇంట్లో బోరు నీళ్లు పోస్తున్నాను. ఆకుపచ్చ కూలెంట్ మంచిదా, గులాబీ రంగుదా? థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని కూడా ఒకరు చెప్పారు.
కేపీహెచ్‌బీ కాలనీ పాఠకుడు

జవాబు: ముందు ఆ బోరు నీళ్లు ఆపండి. మీ ఇంట్లో గీజర్ రాడ్డు విప్పి చూశారా ఎప్పుడైనా? తెల్లగా సున్నం గడ్డకట్టి ఉంటుంది కదా, అదే మీ రేడియేటరు సన్నటి గొట్టాల్లో కూడా పేరుకుంటోంది. అర్జెంటుగా దారిలో ఏదో ఒకటి పోయాల్సి వస్తే తాగే నీళ్ల సీసా పోసి ఇంటికి చేరండి, తర్వాత మొత్తం తీయించి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి కొత్త కూలెంట్ నింపించండి.

మీరు చెప్పిన లక్షణం, నిలబడితే ఎక్కడం, కదిలితే దిగడం, ఫ్యాను వైపు చూపిస్తోంది. కదిలేటప్పుడు గాలి దానంతటదే తగులుతుంది, సిగ్నల్ దగ్గర ఫ్యానే దిక్కు. ఇంటి ముందు ఏసీ ఆపి బండి ఆన్‌లో ఉంచి, ముల్లు సగం దాటాక ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, సెన్సరు, మోటారు, ఈ వరసలో చూడమనండి, చవకవి ముందు. తిరుగుతున్నా ఎక్కుతుంటే రేడియేటరు పూడిందేమో చూడాలి. అసలు కూలెంట్ ఎందుకు తగ్గుతోందన్నది ఇంకో ప్రశ్న, అది మూసి ఉండే వ్యవస్థ, ప్రతి నెలా తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజన్ లోపలికి పోతోంది.

థర్మోస్టాట్ తీయడం గురించి చెప్పాలంటే నా సొంత కథ చెప్పాలి. నా పాత జెన్‌కి ఒక షెడ్డులో నన్ను అడక్కుండానే తీసేశారు, "మన ఎండలకి ఎందుకు సార్ అది" అని. మొదట్లో ముల్లు అసలు లేవలేదు, నేనూ సంబరపడ్డాను. తర్వాత చూస్తే మైలేజీ పడిపోయింది, చలికాలం పొద్దున ఇంజన్ ఎంతకీ వేడెక్కదు. థర్మోస్టాట్ పని చల్లబరచడం కాదు, ఇంజన్‌ని 80 నుంచి 90 డిగ్రీల మధ్యకి త్వరగా చేర్చి అక్కడ నిలపడం. ఆ వేడి లేకపోతే మల్కాజిగిరి అమ్మగారికి చెప్పిన తేమ గొడవే మళ్లీ. అసలు గొట్టం ఎక్కడో చీలి కూలెంట్ పోతున్నా, ఇంజన్ చల్లగా ఉండటంతో నాకు తెలియలేదు. ఒక మే నెల మధ్యాహ్నం మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. అది 11 కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవరు, నడిమధ్యలో పక్కకి ఆపుకుందామంటే చోటుండదు. సగం దూరంలో ముల్లు ఎర్రగీత ముట్టుకుంది. ఏసీ కట్టేసి, కిటికీలు దించి, ఎండలో హీటరు ఫుల్లుగా పెట్టి, చొక్కా తడిసి ముద్దయి ఆరాంఘర్ దాకా దిగాను. హీటరు పెట్టడం పిచ్చిపని కాదు, అదీ ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. అయినా లాభం లేకపోయింది, హెడ్ గ్యాస్కెట్ పోయింది. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతుండగానే ఎక్కడున్నా ఆపేసి హజార్డ్ లైట్లు వేసుకోవాల్సింది, వెనకవాళ్లు తిడితే తిట్టనీ.

ఇక రంగు. రంగుని నమ్మకండి, ఏ కంపెనీ రంగు దానిది, ఆకుపచ్చంటే ఇదీ గులాబీ అంటే ఇదీ అనే నియమం ఎక్కడా లేదు. చూడాల్సింది డబ్బా వెనక ఉన్న రకం. పాత తరహా సిలికేట్ కూలెంట్లు రెండేళ్లకి తుప్పుని ఆపే శక్తి కోల్పోతాయి, ఆర్గానిక్ యాసిడ్ రకం చాలావరకు ఐదేళ్లు నిలుస్తుంది. రెండూ కలిపితే ఆ శక్తి రెండింటికీ తగ్గిపోతుంది, కొన్నిసార్లు జిగురుగా అవుతుంది. మీ బండిలో ఇప్పుడు ఏముందో తెలియదు కాబట్టి మొత్తం కడిగి ఒకటే నింపండి. కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్లు కలపని కూలెంట్ కొంటే సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. "ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన" అనుకుని నీళ్లు కలపకుండా పోస్తారు కొందరు, అది తప్పు, వేడిని మోసేది ప్రధానంగా నీళ్లే.

రేడియేటరు మూత కూడా కొత్తది వేయించండి. చిన్నదని చులకన చేస్తారు గానీ, 0.9 బార్ రాసి ఉన్న మూత సరిగ్గా పట్టి ఉంటే 100 దగ్గర మరగాల్సిన నీళ్లు 118 దాకా మరగవు. స్ప్రింగు వదులైతే ఆ లాభమంతా పోయినట్టే. వేడి మీద మాత్రం ఆ మూత తిప్పొద్దు, ఎవరెంత తొందరపెట్టినా. మిగిలిన కూలెంట్ పిల్లలకి, కుక్కలకి అందని చోట పెట్టండి, రుచికి తియ్యగా ఉంటుంది, విషం.

ప్రశ్న: శ్రీశైలం నుంచి వస్తుంటే ఘాట్‌లో బ్రేకు పెడల్ మెత్తగా అయిపోయి లోపలికి దిగింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు, గుండె ఆగినంత పనయింది. అరగంట ఆగాక మామూలుగా పనిచేసింది. ప్యాడ్లు ఆరు నెలల కిందే మార్చాం. బ్రేకాయిల్ లెవెల్ కూడా నిండుగానే ఉంది. ఏమై ఉంటుంది?
ఎల్బీనగర్ దంపతులు

జవాబు: బ్రేకాయిల్ మరిగింది. లెవెల్ నిండుగా ఉండటం వేరు, లోపలున్నది మంచిగా ఉండటం వేరు. చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తుందా? చాలామంది ఎప్పుడూ మార్చరు, తగ్గితే పోస్తారంతే.

బ్రేకాయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, గొట్టాల రబ్బరులోంచి కూడా. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. దాంట్లో మూడున్నర శాతం పైన నీళ్లు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు మీద కాలుంచితే క్యాలిపర్ దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగ నలుగుతుంది గానీ ద్రవంలా తోయదు, పెడల్ లోపలికి పోతుంది. చల్లారితే బుడగలు మళ్లీ ద్రవమవుతాయి, అందుకే అరగంటకి బాగైనట్టు అనిపించింది. బాగవ్వలేదు, మళ్లీ ఎప్పుడైనా ఇలాగే చేస్తుంది.

ఈ వారంలోనే పాతదంతా తీయించి నాలుగు చక్రాల దగ్గరా గొట్టాల్లో గాలి పోయేలా బ్లీడింగ్ చేయించండి, సీలు తీయని చిన్న డబ్బాలతో. సగం వాడి మూలన పెట్టిన డబ్బాలోది వద్దు, అది అప్పుడే తేమ తాగేసి ఉంటుంది. గొట్టాలు ఉబ్బాయేమో, చక్రాల దగ్గర ఎక్కడైనా చెమ్మ ఉందేమో కూడా చూడమనండి. మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయొచ్చు, రెండూ గ్లైకాల్ జాతే. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు చూసి డాట్ 4కి అన్నలాంటిదనుకుని కొనకండి, కలవదు. రెండేళ్లకోసారి మార్చండి, తిరిగినా తిరక్కపోయినా. అది పెయింటుని తినేస్తుంది, బానెట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

మళ్లీ ఘాట్‌కి పోతే ఎక్కిన గేరులోనే దిగండి, రెండోదో మూడోదో. బ్రేకు నొక్కి వదలండి, కాలు దానిమీదే పెట్టి కూర్చోకండి. న్యూట్రల్‌లో దొర్లిస్తూ పెట్రోలు మిగిల్చే తెలివి మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే వాళ్లని వెనక సీటుకి పంపండి.

ప్రశ్న: గేరు ఆయిల్ జీఎల్-4 దొరకలేదు, జీఎల్-5 ఇంకా పైరకం కదా అని పోశారు. ఇప్పుడు రెండో గేరు పొద్దున పూట గర్రుమంటోంది.
బోయిన్‌పల్లి పాఠకుడు

జవాబు: పైరకం కాదు, వేరేరకం. జీఎల్-5 వెనక యాక్సిల్ డిఫరెన్షియల్ కోసం చేసింది, దాంట్లో గంధకం మందు ఎక్కువ, కొన్నిట్లో అది గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులని మెల్లగా తింటుంది. పైగా జారుడెక్కువై ఆ రింగులు పట్టుకోవాల్సినంత పట్టుకోవు, ఆ గర్రు అదే. తీయించి జీఎల్-4 పోయించండి. తొందరగా తెలిసింది కాబట్టి గేర్‌బాక్సు బతికినట్టే.

ప్రశ్న: మాది 1998 జెన్, కార్బురేటర్ మోడల్. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక బండి పొద్దున స్టార్టవడం కష్టంగా ఉంది, మైలేజీ తగ్గింది, బానెట్ తీస్తే పెట్రోలు వాసన. అమ్మేయమంటున్నారు ఇంట్లో.
తార్నాక పాఠకుడు

జవాబు: వాసన సంగతి ఇవాళే చూడండి, మిగతాది తర్వాత. పాత పెట్రోలు గొట్టాలు ఇథనాల్ కోసం చేసినవి కావు, గట్టిపడి పగుళ్లిస్తాయి, వేడి ఇంజన్ మీద పెట్రోలు చెమ్మ అంటే బండే తగలబడొచ్చు. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించండి, క్లిప్పులు కూడా. పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బురేటర్ కిట్ కూడా. పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు తిరిగితే పాత మారుతి సామాను ఇప్పటికీ దొరుకుతుంది, ఓపికుండాలి.

మైలేజీ తగ్గడం మీ భ్రమ కాదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే, అందుకని కొంత తగ్గి తీరుతుంది. ఇంజెక్షన్ బళ్లలో సెన్సరు చూసుకుని పెట్రోలు కొంచెం ఎక్కువ వదులుతుంది, మీ కార్బురేటరుకి ఆ తెలివి లేదు, మిశ్రమం పల్చబడిపోతుంది, ఆ స్టార్టింగ్ ట్రబుల్‌లో దీని పాత్ర ఉండే అవకాశం ఎక్కువ. ఒక అనుభవం ఉన్న చేత్తో జెట్లు, ట్యూనింగు చూపించండి. బండి నెలల తరబడి నిలబెట్టేదైతే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ తేమని పీలుస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ల విడిభాగాలు ఈ పెట్రోలుకి తట్టుకునేలా చేసినవి, మనవి కావు, మనమే మార్చుకోవాలి. అమ్మడమా మానడమా అనేది మీ ఇంటి విషయం, నేను మధ్యలో దూరను. నా జెన్‌ని మాత్రం ఇంకా అమ్మలేదు.

ప్రశ్న: సెల్లార్‌లో నీళ్లు వచ్చి బండి సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గాక స్టార్ట్ చేసి చూడొచ్చా?
టోలిచౌకి పాఠకురాలు

జవాబు: వద్దు. తాళం ముట్టుకోకండి. 2020 అక్టోబరు వరదల తర్వాత షెడ్లలో చూసిన బళ్లలో కొన్ని నీళ్ల వల్ల చావలేదు, నీళ్లు తగ్గాక "ఒకసారి చూద్దాం" అని తాళం తిప్పడం వల్ల చచ్చాయి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టను వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ తీగ విప్పండి, ఫొటోలు తీయండి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయండి, బండిని మోయించి షెడ్డుకి పంపండి. తాళం తిప్పాక ఇంజన్ పోతే మామూలు పాలసీలో చాలాసార్లు అది వర్తించదంటారు, ఇంజన్‌కి విడిగా రక్షణ తీసుకున్నారో లేదో కాగితాలు చూసుకోండి. షెడ్డులో ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పంపి, ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్, బ్రేకాయిల్ అన్నీ మార్చాలి. గేజి తీసి చూస్తే ఆయిల్ టీ రంగులో ఉంటే ఒకసారి మార్చితే సరిపోదు, కొద్దిసేపు తిప్పి మళ్లీ మార్చాలి.

ప్రశ్న: ఆల్టో, 2009, 70 వేలు తిరిగింది. టైమింగ్ బెల్టు ఎప్పుడూ మార్చలేదు. శబ్దమేమీ లేదు.
నాచారం పాఠకుడు

జవాబు: అది తెగేముందు శబ్దం చేయదు. ఆ 800 సీసీ ఇంజన్‌కి బెల్టే, గొలుసు కాదు, రబ్బరు ఇన్నేళ్లు ఆగడమే ఎక్కువ. ఈ నెలలోనే మార్పించండి, అక్కడిదాకా విప్పాక వాటర్ పంపు, టెన్షనర్ కూడా చూడమనండి.

ప్రశ్న: బ్యాటరీలో ఆర్ఓ నీళ్లు పోయొచ్చా?
చింతల్ పాఠకుడు

జవాబు: వద్దు, డిస్టిల్డ్ వాటరే. ప్లేట్లు మునిగేదాకా, పైదాకా కాదు. మే నెలలో పదిహేను రోజులకోసారి చూడండి.

ప్రశ్న: ఇంట్లోనే ఆయిల్ మార్చుకోవడం నేర్చుకున్నాను. తీసిన నల్లటి ఆయిల్ ఏం చేయాలి? ఇప్పటిదాకా పెరట్లో చెదలకి పోస్తున్నాను.
అల్వాల్ పాఠకుడు

జవాబు: చేత్తో మార్చుకోవడం మెచ్చుకోవాల్సిందే. పెరట్లో పోయడం మాత్రం ఆపండి, అది భూమిలోకి దిగి మీ బోరులోకే వస్తుంది. నాలాలోనూ పోయకండి. చల్లారాక అదే డబ్బాలో తిరిగి పోసి మూత బిగించి, మీరు ఫిల్టరు కొనే షెడ్డులో ఇచ్చేయండి, వాళ్ల దగ్గర పెద్ద డ్రమ్ము ఉంటుంది, దాన్ని శుద్ధి చేసేవాళ్లు వచ్చి తీసుకుపోతారు. పాత ఫిల్టరుని ఒక రాత్రంతా బోర్లించి ఉంచి, కారిందంతా అందులోనే పోయండి. డబ్బా మీద మాత్రం మార్కరుతో పెద్దగా "పాత ఆయిల్" అని రాయండి. మా ఇంట్లో ఒకసారి అలాంటి డబ్బా చూసి ఆముదం అనుకున్నారు.